టైపు చేయించని వాక్యం

ఐదేళ్లుగా ఒక వాక్యం నా గొంతులో ఇరుక్కుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ని. తాయెత్తులనూ, బాబాలనూ, మందుల కంపెనీలనూ ఒకే కంటితో అనుమానించాను. ఆ వ్యాసాలన్నీ టైపు చేసింది సత్తయ్య. రోజూ జల్‌పల్లి నుంచి బస్సులో వచ్చి, నయాపూల్ దగ్గర కోర్టు గోడ పక్కన అఫిడవిట్లు కొట్టే మనిషి.

ఆయనకు గౌట్, యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచే జబ్బు. బొటనవేలు ఉబ్బితే చెప్పు కూడా పట్టేది కాదు. డాక్టరు యూరిక్ యాసిడ్ తగ్గడానికి రోజూ ఒక మాత్ర, మొదటి నెలల్లో నొప్పి రాకుండా ఇంకో చిన్న మాత్ర రాశాడు. మొదట్లో నొప్పి రావచ్చు, మందు ఆపొద్దు అని చీటీ మీద కూడా రాసిచ్చాడు. సత్తయ్య ఆ చీటీ నాకు చూపించాడు. నవ్వాను. ఒక మందు నొప్పి తెస్తుందట, ఇంకోటి ఆపుతుందట, ఇంతకన్నా మంచి దుకాణం ఉంటుందా అన్నాను. చిన్న మాత్ర ఆయన కొననే లేదు. మూడో వారం వేలు మళ్లీ ఉబ్బింది. చూశావా అన్నాను. పెద్ద మాత్రా మానేశాడు.

నాకు వ్యాసం దొరికింది. డాక్టర్ల కమీషన్ల మీద. సాక్ష్యం సత్తయ్య వేలు. టైపు చేసిందీ ఆయనే. మధ్యలో చేతులు ఆగాయి.

"అన్నా, నొప్పి వస్తదని డాక్టర్ ముందే రాసిచ్చిండు గదా. గా ముక్క లేదేంది?"

"అది పెడితే మన వాదన ఏమైతది సత్తయ్యా? నువ్వు కొట్టు."

"సరే తీ. నీ దిమాగ్ ముంగట డాక్టర్‌ది ఏం నడుస్తది!"

నవ్వుతూ కొట్టేశాడు.

రెండేళ్ల కింద నా వేలు ఉబ్బింది. అవే రెండు మాత్రలు. అదే హెచ్చరిక. ఈసారి నవ్వు రాలేదు, వేలు నాది కదా. కూర్చుని చదివాను. రక్తంలో యూరిక్ యాసిడ్ తగ్గుతుంటే కీలులో పేరుకున్న స్ఫటికాలు కదిలి నొప్పి లేపవచ్చు. చిన్న మాత్ర ఉన్నది అందుకే. నొప్పి బిళ్ల ఆ పూట మంట చల్లారుస్తుంది, పేరుకున్నది అలాగే ఉంటుంది. రెండో నెలలో నాకూ పోటు వచ్చింది. ఆపలేదు. రక్తపరీక్ష చూసి డాక్టరు మోతాదు పెంచాడు. ఏడాదిగా నొప్పి లేదు.

సత్తయ్య నొప్పి బిళ్లలతోనే నెట్టుకొస్తున్నాడు. చేతివేళ్ల కణుపుల మీద సుద్దలాంటి గడ్డలు. ఇప్పుడు రెండు వేళ్లతోనే కొడతాడు, గిరాకీ పక్క టైపిస్టు దగ్గరికి పోతోంది. అయినా నేను వెళ్తే చాయ్ చెప్తాడు. జేబులో నా మాత్రలు పెట్టుకుని, వాటి సంగతి చెప్పకుండా ఆ చాయ్ తాగాను. ఎన్నిసార్లు? సరిగ్గా మందు వాడితే అలాంటి గడ్డలు కూడా మెల్లగా కరుగుతాయని నా డాక్టరు చెప్పాక కూడా తాగాను. అందరినీ అనుమానించిన నేను నన్నొక్కణ్ని ఎందుకు వదిలేశాను? ప్రశ్న అడగడం తప్పు కాదు. జవాబు చీటీ మీద కనిపిస్తుండగా దాన్ని దాచి అడిగాను. ఈ ఒప్పుకోలు మీదా అనుమానమే. నిజాయితీపరుడన్న పేరు కోసమా ఇది?

ఇంతవరకు రాసిన కాగితాలు ఈ పొద్దున సత్తయ్య టైపు మిషన్ పక్కన పెట్టాను. మొత్తం చదివాడు. చాయ్ చెప్పలేదు.

"గా చీటీ ఇంకా ఇంట్లనే ఉన్నది," అన్నాడు, నా వైపు చూడకుండా.

పారేయలేదా? అంటే ఇన్నేళ్లూ నన్ను అనుమానిస్తూనే ఉన్నాడా? అడిగే ధైర్యం లేకపోయింది. ఇంటికొచ్చి, ఆ రోజు కొట్టించని వాక్యాన్ని నా చేత్తో రాస్తున్నాను: నొప్పి రావచ్చని, అయినా మందు ఆపొద్దని డాక్టరు ముందే చెప్పాడు.

గొంతులో ఇప్పుడది లేదు.