మా బావ ఇంట్లో మందులు వాడరు

మా బావకి మందుల దుకాణం ఉంది. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు గానీ, ఈయన మాత్రం పొద్దున్నే తల దువ్వుకుని వెళ్ళి, గల్లా పక్కన ఎత్తు స్టూలెక్కి కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ మీద సలహాలు పారేస్తుంటాడు. వీధిలో అందరూ బిళ్ళల బాబాయి అంటారు. ఆ పిలుపు వినపడితే చాలు, ఆయన ఛాతీ పొంగిపోతుంది. ఆయన డాక్టరు కాదు. ఆ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

ఈయన్ని కట్టుకున్నది మా అక్క. నేను ఆమె చెల్లెల్ని, పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. కిటికీ ఇవతల కూర్చుని మనుషుల్ని చూసీ చూసీ, అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాళ్ళంటే నాకు ఓపిక లేకుండా పోయింది. మా బావ విషయంలో మాత్రం ఆ ఓపిక మొదటినుంచీ లేదు.

మందుల దుకాణానికి ఒక బెడద ఉంటుంది. కొన్ని సరుకులు కదలవు, గడువు దగ్గర పడుతుంది. అలాంటివాటిని కంపెనీకి తిప్పి పంపొచ్చు. మా బావకి అది నామోషీ, ఫలానా మందు అమ్ముడుపోతుందనుకుని పొరపాటు పడ్డానని ఒప్పుకున్నట్టవుతుందట. పారేద్దామంటే చేతులు రావు. అందుకని అవన్నీ ఇంటికొస్తాయి, ఇంటికొచ్చినవి మా అక్క కడుపులోకి పోతాయి. జలుబు చేస్తే యాంటీబయాటిక్, గొంతు గీరితే యాంటీబయాటిక్, ఏమీ లేకపోతే రాబోయేదానికి ముందుజాగ్రత్తగా ఇంకో యాంటీబయాటిక్. వాటితో కడుపు మండితే కడుపుమంటకి ఒక బిళ్ళ. అది ఏళ్ళ తరబడి రోజూ పరగడుపునే పడాల్సిందే. ఈయన మాత్రం ఒక్కటీ మింగడు. తనది రాయిలాంటి ఒళ్ళట.

"అక్కని చెత్తబుట్ట చేశావేంటి బావా?" అని మొహం మీదే అడిగాను, ఒకసారి కాదు.

"ఉత్తరాల మీద ముద్రలు కొట్టుకునేదానివి, మందుల సంగతి నీకెందుకే?" అని నవ్వేవాడు.

అక్క కూడా నవ్వేది. "పోనీలేవే, ఆయన సంబరం ఆయనది" అనేది. ఆ మాటకి నాకు ఆయన మీదకంటే ఆమె మీద ఎక్కువ ఒళ్ళు మండేది.

అక్క చేతిలో పనుంది. ముందుగదిలో మిషను పెట్టుకుని వీధివీధంతటికీ బట్టలు కుట్టింది. మనిషి గుమ్మంలో అడుగుపెడుతుండగానే భుజం కొలత చెప్పేసేది, మెడలో టేపు ఊరికే వేలాడుతుండేది. అలాంటి మనిషి పోయినేడాది ఒకే చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. గుడ్డ ఇచ్చినామె వచ్చి గొడవ పెట్టుకుంటే, అక్క ఆ రెండు ముక్కలూ చేతిలో పట్టుకుని, తప్పెక్కడుందో అంతుపట్టక అటూ ఇటూ తిప్పి చూస్తోంది. నేనక్కడే ఉన్నాను. నాకు భయం వేసింది.

ఆ తరవాత ఒకటొకటే మొదలయ్యాయి. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది. మనవరాలిని నా పేరుతో పిలిచేది. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని గోడ పట్టుకుని నడిచేది. డాక్టరుకి చూపిద్దామని నేనంటే, ఇంట్లో నేనుండగా డాక్టరెందుకని బావ కొట్టిపారేశాడు. తిమ్మిరికి వేరే బిళ్ళ తెచ్చాడు. గడువు దగ్గరపడిందేనని వేరే చెప్పాలా?

ఇంతలో ఆయనగారు ఫోనులో ఏదో వీడియో చూశారు. మన కడుపులో కోట్లకొద్దీ బాక్టీరియా కాపురముంటుందట, ఆ కాపురం చెడితే పెద్దవాళ్ళకి మతిమరుపు వస్తుందట. ఇంక చూడాలి ఆయన హడావుడి. బాక్టీరియాని తనే కనిపెట్టినట్టు వీధంతా ఊదరగొట్టాడు. 'మంచి క్రిములు' అని రాసున్న డబ్బాలు తెప్పించి దుకాణంలో ముందు వరసలో పేర్చాడు. బతుకంతా క్రిముల్ని చంపే మందులు అమ్మినవాడు ముసలితనంలో క్రిములే అమ్మడం మొదలెట్టాడు. కొంచెమైనా మొహమాటపడతాడేమోనని చూశాను. చంకలు గుద్దుకుంటున్నాడు.

అక్కకి రోజూ సాయంత్రం ఆ క్రిముల క్యాప్సూలు పడేది. పొద్దున యాంటీబయాటిక్ మాత్రం ఆపలేదు, ఇంట్లో సరుకు ఇంకా మిగిలుంది మరి. సాయంత్రం కాపురానికి పంపినవాళ్ళని తెల్లారేసరికి చంపేస్తున్నావు కదా బావా అంటే, "అవి రెండూ వేరే వేరే పనులు చేస్తాయి" అన్నాడు, పెద్ద శాస్త్రవేత్తలా గడ్డం నిమురుకుంటూ. ఇంత తెలివితక్కువ మనిషిని వీధంతా ఎలా నెత్తిన పెట్టుకుందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఒక మధ్యాహ్నం అక్క మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "నేనెందుకొచ్చానే?" అని నన్నే అడిగింది. ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, బావకి ఒక్కమాట చెప్పకుండా పెద్దాసుపత్రికి ఫోన్ చేశాను.

తీరా వెళ్ళే రోజున, ఎలా పసిగట్టాడో, ఆయనా తయారయ్యాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. "మీకు ఆ భాష అర్థం కాదు. మేం మేం మాట్లాడుకుంటాం" అన్నాడు.

డాక్టరమ్మకి మా అక్క కొడుకు వయసుంటుంది. తొందరేమీ లేని మనిషి. అక్క చేత నాలుక చాపించుకుని చూసింది, కళ్ళు మూసుకుని నిలబడమంది, అరికాళ్ళ మీద సన్నటి పుల్లతో గీసి తెలుస్తోందా అని అడిగింది. తరవాత బావ వైపు తిరిగి, "ఈమె ఏయే మందులు వాడుతున్నారు?" అంది.

"ఏమీ లేవండి. మా ఇంట్లో మందులు వాడం" అన్నాడు బావ.

అబద్ధమాడుతున్నానని ఆయనకే తెలియదు. అక్కడే వచ్చింది ఖర్మ. ఆయన లెక్కలో మందంటే గల్లా దాటి బయటివాళ్ళకి అమ్మేది. ఇంటికి తెచ్చింది మిగిలిన సరుకు. దాన్ని పెళ్ళాం తింటే అది మందెలా అవుతుంది?

డాక్టరమ్మ రాసుకుంది. మందులేవీ కారణం కానప్పుడు తిరిగి బాగుపడని జబ్బు వైపే ముందు ఆలోచించాల్సి ఉంటుందని మెల్లిగా చెప్పింది. అక్కకి ఆ మాట అర్థమైంది. చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"బావా, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

బావ మొహం కందగడ్డయింది. అక్క డాక్టరు వైపు చూడటంలేదు, ఆయన వైపే చూస్తోంది. అప్పుడు నోరు విప్పాడు. విప్పాక ఆపలేదు. ఏ యాంటీబయాటిక్, ఏ కంపెనీది, ఎంత మోతాదు, అట్ట ఏ రంగు, ఏ తరవాత ఏది, అన్నీ వరసగా చెప్పుకుపోయాడు. ఎక్కడా తడుముకోలేదు. ఆ మనిషి జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు. నాకు అసహ్యం వేసింది.

అంతా విని డాక్టరమ్మ ముందు రాసుకున్నది కొట్టేసింది. "మీరు చూసిన వీడియో పూర్తిగా అబద్ధం కాదండీ. పేగుల్లో ఉండే బాక్టీరియాకీ పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తికీ ఏదో సంబంధం ఉన్నట్టే కనిపిస్తోంది. ఏది కారణమో ఏది ఫలితమో ఇంకా తేలలేదు. డబ్బాల్లో పోసి అమ్మేంతగా అసలే తేలలేదు" అంది.

బావ తల దించుకున్నాడు.

"తెలిసిందొకటి చెబుతాను. కడుపుమంట బిళ్ళ ఇన్నేళ్ళు వాడితే కొందరికి తిండిలో ఉన్న బి12 ఒంటికి పట్టదు. అది తగ్గితే ఈ తిమ్మిర్లూ వస్తాయి, మతీ మందగిస్తుంది. రక్తం పరీక్ష చేయిద్దాం. అదే అయితే ఇంజెక్షన్లతో కొంత వెనక్కొస్తుంది. ఎంతొస్తుందనేది ఎంత ఆలస్యమైందన్నదాని మీద ఉంటుంది."

ఆలస్యం ఎవరిదో ఆమె అడగలేదు. మర్యాదస్తురాలు. నేనైతే అడిగేదాన్ని.

ఆమె మళ్ళీ కాగితం మీదికి వంగి, బావ చెప్పిన మందుల్లో ఒకదాని దగ్గర పెన్ను ఆపింది. అది మత్తు తెప్పించే ఎలర్జీ బిళ్ళ. ఈ వయసులో అది కూడా మతిని మసకబారుస్తుందట. "ఇది రోజూ రాత్రి ఇస్తున్నానన్నారు. ఎప్పుడు మొదలెట్టారు? దేనికి?"

బావ కంపెనీ పేరు చెప్పాడు. ఆ కంపెనీ మూతపడి వేరే కంపెనీది తెచ్చిన సంగతీ చెప్పాడు. దేనికో మాత్రం చెప్పలేకపోయాడు. "దురదలేమో... దద్దుర్లేవో వచ్చినట్టున్నాయి" అని నా వైపు చూశాడు. నాకూ తెలియదు.

"దురదలు కాదండీ" అంది అక్క. పొద్దుటినుంచీ ఆమె తనంతట తను మాట్లాడటం అదే మొదలు. డాక్టరుకే చెప్పింది, తడబడకుండా. "మా అమ్మ పోయినప్పుడు రాత్రిళ్ళు ఏడుస్తుండేదాన్ని. ఈయనకి నిద్ర పట్టడంలేదని నాకు ఇచ్చారు. తరవాత ఏడుపు ఆగిపోయింది. బిళ్ళ ఆపమని ఎవరూ చెప్పలేదు."