కుట్టు లేని బట్ట

జేబు ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు గానీ, ఆడవాళ్ళ కోసం మాత్రం కనిపెట్టలేదు. మా తాతగారు పొడుం డబ్బా పంచె రొంటిన దోపుకునేవారు. నాన్న కాలానికి చొక్కా వచ్చింది, దానికి గుండె మీద జేబు వచ్చింది. ఇంటికి కుట్టుమిషను వచ్చాక ఆయన బనీనుకు కూడా జేబు పడింది. అమ్మకు మాత్రం ఎప్పుడూ రొంటీ, కొంగుముడే. ఇప్పుడు నా ఫోనుకీ చోటు లేదు, జాకెట్లో దోపుకుంటాను. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అమ్మకు గుండెనొప్పి మొదలయ్యాక కాకినాడ డాక్టరుగారు నాలుక కింద పెట్టుకునే మాత్రలు రాశారు. "ఇవి ఎప్పుడూ మీ ఒంటి మీదే ఉండాలండి, బీరువాలో కాదు" అన్నారు. ఆ చిన్న సీసాను అమ్మ రొంటిన దోపుకుంటే రోజుకోసారి జారిపడేది. అందుకని ఆమె లంగాలన్నిటికీ నేనే కూర్చుని జేబులు కుట్టాను.

"ఏంటే ఇది, మగాళ్ళలాగా!" అని నవ్వింది. రెండు రోజుల్లో అలవాటు పడింది. కుచ్చిళ్ళ పక్కన తడిమి చూసుకుంటూ తిరిగేది. ఏదో ఘనకార్యం చేశాననుకున్నాను.

ఒక్క సంగతి మరిచిపోయాను. అమ్మ మడి కట్టుకుంటే కుట్టిన బట్ట ఏదీ ఒంటి మీద ఉండకూడదు. స్నానం చేసి, ఎవరూ తాకకుండా ఆరేసిన చీర ఒక్కటే చుట్టుకుని వంటింట్లోకి వెళ్ళేది. జాకెట్టూ లంగా గదిలో కొక్కేనికి వేలాడేవి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా నా బుర్రకు తట్టలేదు.

ఒక కార్తీక సోమవారం మధ్యాహ్నం వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. వెళ్ళేసరికి అమ్మ గోడకు చేరగిలబడి గుండె పట్టుకుని ఉంది. గదిలోకి పరిగెత్తి లంగా జేబులోంచి సీసా లాగి మాత్ర తెచ్చాను. గడప దాటబోతుంటే చెయ్యెత్తి వారించింది.

"ముట్టుకోకే... మడి. నైవేద్యం కాలేదు."

మడిని జన్మంతా వెక్కిరించిన దాన్ని, ఆగిపోయాను. మడిలో ఉన్నవాళ్ళ చేతికి ఏదీ ఇవ్వం. కింద పెడితే వాళ్ళే తీసుకుంటారు. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. మాత్రను గడప మీద పెట్టి వెనక్కి జరిగాను.

"తీసుకోమ్మా" అన్నాను.

అమ్మ చెయ్యి చాచింది. గడపకు జానెడు దూరంలో ఆ చెయ్యి నేల మీద వాలిపోయింది. అప్పుడు ముట్టుకున్నాను. అమ్మ వద్దనలేదు.