ముందు కూర్చో, తర్వాత చెబుతా

"ఎవరు పోయారు?"

స్టాఫ్ రూములో అందరి ముందూ ప్రిన్సిపాల్ మావయ్యని అడిగిన ప్రశ్న అది. ఎవరూ పోలేదు. ప్రిన్సిపాల్ గారి గొడుగు దొరికింది. ఆ సంగతి చెప్పడానికి మావయ్య ఆయన్ని కుర్చీలో వెనక్కి ఆనించి, పాదాలు నేలకి తగిలేలా పెట్టించి, కాలు మీద కాలు తీయించి, ఐదు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోమన్నాడు. పాపం ఆ పెద్దమనిషి ఆలోగా తల్లినీ, అత్తగారినీ, పొరుగూళ్ళో చదువుతున్న కొడుకునీ మనసులోనే సాగనంపేసి, ఇక ఆగలేక అరిచేశాడు.

మావయ్యకున్న పిచ్చి ఇదొక్కటే. మంచి వార్తయినా, చెడ్డ వార్తయినా, అసలు వార్తే కాకపోయినా, మనిషిని కూర్చోబెట్టకుండా చెప్పడు. మెడికల్ కాలేజీలో, ఒంట్లో ఏది ఎలా పనిచేస్తుందో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బీపీ చూసేముందు రోగిని ఎలా కూర్చోబెట్టాలో ఏళ్ళ తరబడి పిల్లలకి నేర్పి నేర్పి, చివరికి లోకమంతా చేతికి బీపీ పట్టీ కట్టించుకోవడానికి వచ్చిన రోగులే అన్న నమ్మకంలో పడిపోయాడు.

"అందరూ గుండెని ఆడిపోసుకుంటారు గానీ దాని తప్పేం లేదమ్మాయ్," అనేవాడు మేనకోడలితో. "గుండె ఒట్టి పంపు. రక్తనాళాలు గొట్టాలు. పెత్తనమంతా పైన పుర్రెలో కూర్చున్నవాడిది. చెడ్డమాట వినగానే వాడు నరాలకి కబురుపెడతాడు. నరాలు పోయి గొట్టాలని బిగిస్తాయి, పంపుని ఉరికిస్తాయి. ఇంకేముంది, ప్రెషరు అటక ఎక్కి కూర్చుంటుంది."

"కాసేపటికి దిగుతుంది కదా మావయ్యా?"

"దిగుతుంది. రోజూ ఎక్కించావనుకో, దిగడం మర్చిపోతుంది."

"అయితే మాత్రలెందుకు? అందరినీ కూర్చోబెడితే సరిపోదూ?"

"మాత్ర మాత్రే, కుర్చీ కుర్చీయే. మాత్ర మానేసి కుర్చీలో కూర్చునేవాడు వెధవ. మాత్ర మింగి పరిగెత్తేవాడు వాడికి తమ్ముడు."

శాస్త్రం బాగానే ఉంది. దానితో కాపురం చేయడమే కష్టం. పక్కింటి టైలరు కుళాయి కట్టేయకుండా షాపుకెళ్ళాడు. మావయ్య షాపుకెళ్ళి టైలర్ని మిషను ముందునుంచి లేపి, స్టూలుకి వీపు ఆనదు కాబట్టి కుర్చీ తెప్పించి, కూర్చోబెట్టి, ఐదు నిమిషాలయ్యాక సంగతి చెప్పాడు. టైలరు ఇల్లు చేరేసరికి వంటింట్లో గిన్నెలు ఈదుతున్నాయి.

"ముందే చెప్పొచ్చుగా మాస్టారూ!"

"ముందే చెబితే నీ నరాలు బిగుసుకునేవి నాయనా. ఇప్పుడు చూడు, ఇల్లు తడిసింది గానీ ఒళ్ళు నిమ్మళంగా ఉంది."

ఆ క్షణంలో టైలరు ఒళ్ళు నిమ్మళంగా ఏమీ లేదని వీధంతా సాక్ష్యం చెబుతుంది.

ఇలాంటి మనిషికి దొరికిన మేనకోడలు న్యూస్‌పేపర్లో సబ్ ఎడిటరు. వార్త మొదటి వాక్యంలో లేకపోతే ఆ కాగితం ఆమె చేతిలో బతకదు. "నువ్వు పేపరు పెడితే మావయ్యా, హెడ్డింగు ఆఖరి పేజీలో వేస్తావు," అనేది. "అప్పటికి చదివేవాడు నెమ్మదిస్తాడు కదమ్మాయ్," అనేవాడు మావయ్య, అదేదో మెచ్చుకోలన్నట్టు.

ఈ ఇద్దరి మధ్యా అమ్మ ఉంది. ఒకరికి అక్క, ఒకరికి తల్లి. ఆ ఇంట్లో నవ్వు తగ్గిపోయింది ఆవిడ కళ్ళవల్లే. మొదట పేపర్లో చిన్నక్షరాలు పోయాయి. కూతురు పెట్టిన హెడ్డింగులు మాత్రం భూతద్దం పట్టుకుని చదివేది. తర్వాత అవీ పోయాయి. గ్లాసులో పోయబోయిన నీళ్ళు బల్ల మీద పడేవి. వంటింట్లో పగలే లైటు వేసుకునేది, అయినా చీకటిగా ఉందనేది. సాయంత్రమైతే కిటికీ దగ్గర కూర్చుని, మడతపెట్టిన పేపరు ఒళ్ళో పెట్టుకుని, ఊరికే దాన్ని నిమురుతూ ఉండేది.

శుక్లాలు, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నారు. రెండుసార్లు తీసుకెళ్ళారు. ఇంటి దగ్గర బుద్ధిగా ఉండే బీపీ, ఆసుపత్రిలో ఆ పచ్చగౌను తొడగ్గానే కొండెక్కేది. రెండుసార్లూ గౌను విప్పించి ఇంటికి పంపేశారు. మాత్రలు మార్చారు. శుక్లం ముదిరిపోతోంది, ఇక ఆలస్యం చేస్తే చేతిలో ఉన్న చూపు కూడా దక్కదని కంటి డాక్టరమ్మ చెప్పింది.

మూడోసారి కార్లో మేనకోడలిది దారి పొడుగునా అదే పాట. "అమ్మా, టెన్షన్ పడకు. ఈసారి కూడా పెరిగిందంటే ఇంక అంతే. అసలేం ఆలోచించకు. ధైర్యంగా ఉండు."

మావయ్య ముందు సీట్లోంచి తిరిగాడు. "అమ్మాయ్, ధైర్యంగా ఉండమని చెప్పి ఇప్పటికే పది పాయింట్లు పెంచావు. ఆ నోటికి పట్టీ కట్టే మిషను ఇంకా కనిపెట్టలేదు."

అమ్మ మాత్రం కిటికీ వైపు ముఖం తిప్పి కూర్చుంది, అక్కడేదో కనబడుతున్నట్టు.

ఆసుపత్రి వరండాలో ఫినాయిల్ వాసన. గోడవార కుర్చీల్లో కంటికి కట్లు కట్టుకున్న వాళ్ళు, ఎవరో పేరు పెట్టి పిలుస్తారని తలలు ఎత్తి ఎదురుచూస్తున్నారు. కాసేపటికి డాక్టరమ్మ మావయ్యని లోపలికి పిలిచింది. తలుపు మూసుకుంది. తిరిగొచ్చిన మావయ్య అక్క ముందు నిలబడ్డాడు.

"అక్కా, నీకో మాట చెప్పాలి. వెనక్కి ఆనుకో. కాళ్ళు కిందపెట్టు. అమ్మాయ్, నువ్వు కూడా. మాట్లాడొద్దు."

ఎదురుగా తానూ కూర్చున్నాడు. మేనకోడలికి ఒళ్ళు మండుతోంది. ఆఫీసులో పేజీ ఆగిపోయి ఉంది, ఇక్కడ ఈ నాటకం. అమ్మ కళ్ళు మూసుకుంది. ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. ఐదు నిమిషాలూ అయ్యాయి. మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఏం లేదక్కా. ఈ కుర్చీలు మెత్తగా ఉన్నాయి."

"ఇదా వార్త?" మేనకోడలు లేచి నిలబడింది. "నీకేమైనా బుద్ధుందా మావయ్యా? ఇవాళైనా..."

అంతలో నర్సు వచ్చి అమ్మ చేతికి పట్టీ కట్టింది. గాలి కొట్టింది, వదిలింది, అంకె చూసి తలూపింది. "బాగుంది. లోపలికి రండమ్మా."

అమ్మ లోపలికెళ్ళింది. మావయ్య ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. నర్సు చూసి, అడగకుండానే అదే పట్టీ ఆయన చేతికి చుట్టింది. అంకె చూసి రెండోసారి గాలి కొట్టింది.

"ఆపరేషన్ ఎవరికండీ, ఆవిడకా మీకా? మీరిక్కడే పడుకోండి, డాక్టర్ని పిలుస్తాను."

"మావయ్యా," అంది మేనకోడలు, గొంతు తగ్గించి. "లోపల డాక్టరమ్మేం చెప్పింది?"

"కూర్చో."

"మావయ్యా!"

"కూర్చోమ్మా."

కూర్చుంది. కాళ్ళు కిందపెట్టింది. ఈసారి ఐదు నిమిషాలు పట్టలేదు.

"ఎడమ కన్ను రాదట. శుక్లం కాదు, లోపల నరమే ఎండిపోయింది. కుడి కన్నొక్కటే మిగిలింది. మీ అక్కకి మీరే మెల్లగా చెప్పుకోండి అంది. ఎలా చెప్పను? చెబితే బీపీ లేస్తుంది, ఆ ఒక్క కన్నూ పోతుంది."

"మరి చెప్పలేనప్పుడు కూర్చోబెట్టడం ఎందుకు?"

మావయ్య పట్టీ ఉన్న చేతిని చూసుకున్నాడు. "ఆ ఐదు నిమిషాలు వినేవాళ్ళ కోసం అనుకుంటారు అందరూ. కాదమ్మాయ్. చెవికంటే ముందు కన్ను చదువుతుంది. చెప్పేవాడి ముఖంలో కంగారు చూస్తే చాలు, పుర్రెలోవాడు కబురు పంపేస్తాడు. నా ముఖానికి సర్దుకోవడం రాదు. చిన్న విషయానికైనా సరే, ఐదు నిమిషాలు కావాలి. ఇవాళ అవి కూడా చాలలేదు. అందుకని మాట కుర్చీల మీదకి మళ్ళించాను."

మేనకోడలు లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన కొన్నాళ్ళకి, బీపీ మాత్ర మింగించి, అమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఐదు నిమిషాలూ లెక్కగా ఆగి, మావయ్య ఎడమ కంటి సంగతి చెప్పాడు. చెప్పి, దెబ్బ తగిలేవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

"అయిందా?" అంది అమ్మ.

"అయింది."

"ఒరేయ్ తమ్ముడూ, అది నా కన్ను కదురా. కనబడటం లేదని నాకు తెలీదూ? ఎప్పుడో పోయింది అది."

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నాను. నీ ముఖం చూస్తే నీ బీపీ ఏమైపోతుందో అని భయమేసి, ఒకసారి చట్నీలో ఉప్పెక్కువైందన్నాను, ఒకసారి తలుపు కిర్రుమంటోందన్నాను. కుర్చీలు మెత్తగా ఉన్నాయన్నప్పుడే అర్థమైంది, నీకూ తెలిసిపోయిందని. హమ్మయ్య, ఇక చెప్పక్కర్లేదు కదా అని ప్రాణం కుదుటపడింది. అందుకే ఆ నర్సుకి పెరిగిన బీపీ దొరకలేదు."

మేనకోడలు గోడవైపు తిరిగి నవ్వాపుకోబోయి ఓడిపోయింది. అమ్మ ఒళ్ళోని పేపరు తీసి, కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని, పెద్దగా హెడ్డింగు చదివింది. అందులో ఒక అక్షరం తప్పు పడిందని కూడా చెప్పింది.

మర్నాడు మావయ్య అక్కకి కళ్ళజోడు చేయించాడు. షాపువాడు రెండు కళ్ళకీ పవరు అద్దాలు బిగించి, రెండింటికీ డబ్బు పుచ్చుకున్నాడు. చూపు లేని కంటికి పవరెందుకని మావయ్య వాడిని కూర్చోబెట్టి, కాళ్ళు నేలకి ఆనించి, ఐదు నిమిషాలాగి అడిగాడు. వాడు ఒప్పుకున్నాడు. ఒక అద్దం తాలూకు డబ్బు వాడింకా ఇవ్వాలి.