ముల్లంగి ముద్ద

హుకుంపేట సంతకు పోయే బస్సులో, ఆకులతో సహా ముల్లంగి గంప పెట్టుకుని ఒక యువతి మా ఎదుట కూర్చుంది. నా పక్కనే ఉన్న నా భార్య పళ్లన్నీ తీయించుకుని, అప్పటికి నెల రోజులుగా గంజి తప్ప ఏదీ ముట్టడం లేదు.

"ముల్లంగి ఉడకబెట్టి, నీళ్లు పారబోసి, మెత్తగా మెదిపి పెట్టానమ్మా. ఉమ్మేసింది," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "సత్తువంతా పారబోసీసి పిప్పెడితే ఏటి తింటాది తాతా? రెండు సుక్కల నీల్లేసి, మూతెట్టి మగ్గనియ్యి. లేతాకు కూడా కలిపి మెదుపు. పైన వలిసె నూనె సుక్కెయ్యి, సాలు."

నాకు ఒళ్లు మండింది. బడి మొహం చూడకపోయినా సొంతంగా అక్షరాలు నేర్చుకుని, పోషకాహారం మీద దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ణి. విటమిన్ సి నీళ్లలోకి దిగిపోతుందని ఊరందరికీ పాఠం చెప్పి, ఇంట్లో ఆ నీళ్లే తూములో పోశాను! మండింది నా మీదే.

ఆమె తన అన్నం పొట్లం విప్పి, అందులోని ముల్లంగి ముద్ద నా భార్య అరచేతిలో పెట్టింది. నా భార్య నాలుకతో నొక్కి మింగింది. మలుపు దాటేలోగా మళ్లీ చెయ్యి చాచింది.

"ఇంకాసింత ఎట్టవే గుంటా."

నేను సీట్లోంచి లేచి నిలబడిపోయాను. టికెట్లు కొడుతున్న కండక్టరుతో అరిచి మరీ చెప్పాను. "మా ముసల్ది అడిగి తింటోందయ్యా!"