అచ్చుకి పెట్టిన బొట్టు

దసరాకి ముందు మా అన్నయ్యకి ఒకే మాట చెప్పాను. "బొట్లు మిషన్లకి పెట్టుకో, గోడలకి పెట్టుకో. కొత్త అచ్చు జోలికి మాత్రం రాకు." వింటేగా!

ఆటోనగర్‌లో నాన్న వదిలివెళ్లిన షెడ్డు మా ఇద్దరిదీ. ఫైబర్ గ్లాసుతో ట్రాక్టరు టాపులు చేస్తాం. ఆర్డర్లు తేవడం, పెత్తనం చెయ్యడం అతని వంతు. పని నా వంతు. టాపు నునుపంతా అచ్చులోనే ఉంటుంది. అచ్చు మీద గీత పడితే, దాన్నుంచి వచ్చే ప్రతి టాపు మీదా ఆ గీత ఉంటుంది. అందుకే ఆ అచ్చును భుజాలు పడిపోయేదాకా వాటర్ పేపరుతో రుద్దాను. ముఖం కనిపించేలా పాలిష్ పట్టి, పైన మైనం పూత మీద పూత వేశాను. జిగురులా ఉండి గట్టిపడే రెజిన్ అచ్చుకి అంటుకోకుండా కాపాడేది ఆ మైనమే.

పండుగ వెళ్లాక బ్రష్షుతో టాపుకి పైపూతయ్యే జెల్‌కోటు వేసి, గ్లాసు మ్యాటు పరిచి, రెజిన్ పట్టించాను. గట్టిపడ్డాక తీయబోతే టాపు రాలేదు. చెక్క చీలలు దిగగొట్టి లాగితే అచ్చు పైపొర కూడా ఊడివచ్చింది. కుడివైపు, ఎడమవైపు, నడుమ, వేలి కొసంత గుంటలు. చూడగానే ఒళ్లు మండిపోయింది.

"బొట్టు పెట్టావా?"

"పెట్టి, నువ్వు రాకముందే థిన్నరుతో శుభ్రంగా తుడిచేశా కదే! మరక కూడా లేదు."

బొట్టుతో పాటు మైనాన్నీ తుడిచేశాడు మహానుభావుడు. పైగా నాకే సుద్దులు. "ఆడపిల్లవి, బొట్టంటే అంత చులకనేంటే?"

గుంటలు పూడ్చి మళ్లీ రుద్దాను. పక్కవి రెండూ పోయాయి. నడిమిది పోలేదు. మళ్లీ మైనం వేసి ఆ అచ్చులోనే ఇంకో టాపు తీశాను.

ఉయ్యూరు నుంచి వచ్చిన ట్రాక్టర్ల డీలరు టాపు నిమిరి చూస్తూ సరిగ్గా అక్కడే ఆగాడు. "ఇదేంటండీ, ఇక్కడ చేతికి తగులుతోంది?"

"మా చెల్లాయి చెయ్యి జారిందండీ. ఆడపిల్ల కదా, మనమే సర్దుకోవాలి," అన్నాడు అన్నయ్య నవ్వుతూ.

చేతిలోని వాటర్ పేపరు కింద పడేశాను. "నా చెయ్యి జారలేదండీ. నేను మైనం వేసిన అచ్చుకి మా అన్నయ్య బొట్టు పెట్టి, నాకు తెలియకుండా థిన్నరుతో తుడిచాడు. ఇది ఆ బొట్టే. ఈ అచ్చులో చేసిన ప్రతి టాపుకీ ఉంటుంది."

అన్నయ్య ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. నాకూ అక్కర్లేదు. ఇంకో అచ్చు మొదలుపెట్టాను. ఈసారి దసరా రాకముందే షెడ్డు తాళం మార్చేశాను.