మొద్దు మీద అరుదైన ముద్ద

అప్పుడు నేను అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. పుస్తకాలకన్నా ఎక్కువగా చూసేది మా మొక్కల, పుట్టగొడుగుల వాట్సాప్ గ్రూపునే. వాన వెలిసిన ఒక పొద్దున చిక్కడపల్లి గల్లీలో, కొట్టేసిన చెట్టు మొద్దు మీద నారింజ రంగు ముద్ద తళతళా మెరుస్తూ కనబడింది. వెంటనే ఫొటో తీసి గ్రూపులో పెట్టాను.

ఫొటో పెట్టిన అరగంటలో ఐదుగురు పరుగెత్తుకొచ్చారు. బోటనీ లెక్చరర్‌గా రిటైరైన సార్ అయితే నారాయణగూడ నుంచి ఆటోలో వచ్చి, భూతద్దం పట్టుకుని తడి రోడ్డు మీదే బోర్లా పడుకున్నారు. "ఇట్లాంటిది సిటీల నేనెన్నడూ చూడలే. ఎవ్వరూ ముట్టకుండ్రి!" అన్నారు.

ఇంతలో ఎదురింటి అక్క చీపురుతో బయటికొచ్చి పరేషాన్ అయింది. "ఏంది సార్, కింద పడ్డరా?"

"ఫంగసమ్మా! చాలా అరుదైనది!"

"అయ్యో, అది రాత్రి మా ఇంట్ల మిగిలిన కేసరి సార్. పొద్దుగాల వాన వెలిసినంక చీమలకు పెట్టిన."

పరీక్ష హాల్లో కూడా నాకంత చెమట పట్టలేదు. సార్ మెల్లగా లేచి చొక్కా దులుపుకున్నారు. "అందుకే యాలకుల వాసనొస్తున్నది" అన్నారు.

ఇప్పటికీ గ్రూపులో నేను ఏ ఫొటో పెట్టినా సార్ ముందుగా అడిగేది ఒక్కటే: "చీమలు పట్టినయా?"