లేని దేశపు ఫిరంగి

నవంబరు పదకొండున కెనడాలోని మా గ్వెల్ఫ్‌లో ఫిరంగులు పేలుస్తారు. యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే రోజు అది. పార్కులో వరసగా నిలబెట్టి, గుండు లేకుండా ఉత్త మందుతో, ఒకదాని తర్వాత ఒకటి పేలుస్తారు. ఆ చప్పుడు చెవులకంటే ముందు అరికాళ్లకు తెలుస్తుంది. వంటింటి కిటికీ అద్దం అదురుతుంది. కాసేపటికి చలిగాలి వెంట దీపావళి మర్నాడు వీధుల్లో ఉండే వాసన వస్తుంది. ఈసారి ఆ వాసన తగలగానే టీ పెడుతున్నదాన్ని పొయ్యి కట్టేసి అలాగే నిలబడిపోయాను. మేజర్ ఓబులేశు గారు గుర్తొచ్చారు. ఆయన పోయాక ఇది రెండో చలికాలం.

ఆయన్ని ఎరగనివాళ్లకు ఎక్కడినుంచి చెప్పాలో తెలియడం లేదు. అనంతపురం మనిషి. ఇండియన్ ఆర్మీలో ఫిరంగి దళం ఆఫీసరుగా పనిచేసి, రిటైరయ్యాక భార్యతో కెనడా వచ్చి, మా కంపెనీలో చేరారు. కుడిచెవి సరిగా వినపడేది కాదు. మీటింగుల్లో ఆయనకు ఎడమవైపు కూర్చోవడానికి మేమంతా పోటీపడేవాళ్లం, లేకపోతే చెప్పిందే మళ్లీ అరిచి చెప్పాలి. ముక్కుసూటి మనిషి. పొగడ్తను కూడా తిట్టినట్టే పలికేవారు. నేను నల్గొండ నుంచి మా ఆయనతో, చంటిపాపతో వచ్చి, ఇక్కడి కాలేజీలో కోర్సు ముగించి, శాశ్వత నివాసపు కాగితం, పీఆర్, ఇంకా రాక వర్క్ పర్మిట్ మీద ఆయన టీమ్‌లో చేరాను. కంప్యూటర్‌లో బొమ్మలు చేయడం నా పని. నిజం చెప్పొద్దూ, మొదటి వారం ఆయనంటే నాకు అస్సలు గిట్టలేదు.

మా కంపెనీ సైనికుల శిక్షణ కోసం తెర మీద యుద్ధాలు తయారుచేస్తుంది. యుద్ధానికి శత్రువు కావాలి కదా. ఉన్న దేశాన్ని శత్రువని చూపిస్తే గొడవలు. అందుకని మావాళ్లు ఒక దేశాన్ని పుట్టించారు. పేరు వెల్డోరా. దానికి జెండా ఉంది, కొండలున్నాయి, నదులున్నాయి, జనం లేరు. ఆ దేశానికి ఒక కొత్తరకం ఫిరంగి కావలసివచ్చింది. లారీ వెనక కట్టి లాక్కెళ్లేది, వెనకున్న రెండు కాళ్లు విప్పి నేలలో దిగ్గొట్టి పేల్చేది. అది ఎలా ఉండాలో చెప్పే పని మేజర్ గారిది, దాన్ని తెర మీదికి తెచ్చే పని నాది.

నేను నెలరోజులు కష్టపడి చేశాను. ప్రతి బోల్టూ మెరిసిపోతోంది. ఆయన వచ్చి నా వెనక నిలబడి చాలాసేపు చూశారు.

“పెండ్లికూతురు మాదిరి ఉంది,” అన్నారు. “మనుషులేరీ?”

“మనుషులను వేరే టీమ్ చేస్తది సార్. నాది గన్ ఒక్కటే.”

“మనుషుల్లేకుండా గన్ యాడిది పాపా? అది ఉత్త ఇనుము.”

మర్నాడు మమ్మల్నందరినీ పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్లారు. ఫిరంగి అంత ఫిరంగినీ సుద్దముక్కతో నేలమీద గీశారు. ఎవరెక్కడ నిలబడాలో చూపించారు. గురి పెట్టేవాడు ఇక్కడ, మందు అందించేవాడు అక్కడ. ఆయన కారు డిక్కీలోంచి ఇండియన్ స్టోర్ బియ్యం బస్తాలు రెండు దింపి, కలిపి తాడుతో కట్టి, ఇదే గుండు, ఎత్తుకురా అన్నారు. గుండు బరువు దాదాపు అంతే ఉంటుందట. నేను దాన్ని పొట్టకు ఆనించుకుని నాలుగు అడుగులు వేసేసరికి మోకాళ్లు వంగిపోయాయి. మా మేనేజర్ గ్రెగ్ కిటికీలోంచి చూసి నవ్వుతున్నాడు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

“ఇంక పోయి గీయి,” అన్నారాయన. “గుండు ఎత్తేవాడికి నడుముంటదని ఇప్పుడు తెలిసింది గదా.”

అప్పటినుంచి ఫిరంగినీ, మనుషుల్నీ కలిపే చేశాం. మిగతావాళ్లు ఆ మనుషుల్ని యంత్రాల్లా కదిలించి ఊరుకునేవారు. మేజర్ గారు ఒప్పుకోలేదు. ఒకడు చలికి చేతుల్లోకి ఊదుకోవాలి. ఒకడు గుండు పెట్టాక నడుం పట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, దెబ్బ తగిలి ఒకడు పడిపోతే మిగిలినవాళ్లు పరుగెత్తిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి వాణ్ణి లాక్కెళ్లాలి. నాకది సినిమాలా అనిపించింది.

“పారిపోయినోళ్లు మళ్లీ వస్తరా సార్?”

“వస్తారు. మావోళ్లు వచ్చినారు, చూసినా. అవతలోళ్లను మాత్రం చూడలేదు పాపా. ఫిరంగోడు తాను కొట్టింది చూడడు. కొండకు ఇవతల నిలబడి కొడతాడు. అవతల యాడ పడిందో రేడియోలో ఎవరో చెప్తారు. శభాష్ అంటారు. మేం టీ తాగుతాం. అంతే.”

ఆ మాట తర్వాత ఆ మనుషుల్ని నేను ఎప్పుడూ తేలిగ్గా చేయలేదు.

ఆ ఏడాది దసరాకి మమ్మల్ని ఇంటికి పిలిచారు. ఆయుధపూజ. మా లాప్‌టాప్‌లు, కారు తాళాలు అన్నీ పీటమీద పెట్టించి, ఆయన భార్య, మా అందరి ఆంటీ, కుంకుమ పెట్టారు. తమ దళంలో దసరానాడు ఫిరంగులకు పూలదండలు వేసి, నిమ్మకాయలు కట్టి, ఎలా పూజ చేసేవారో మేజర్ గారు ఉత్సాహంగా చెప్పారు. అన్ని మతాలవాళ్లూ వరసలో నిలబడి ప్రసాదం తీసుకునేవారట. మర్నాడు ఆఫీసులో నా దగ్గరికొచ్చి, “మన ఫిరంగికి గూడా ఒక బొట్టు పెట్టు. అది గూడా ఆయుధమే గదా,” అన్నారు. గొట్టం మొదట్లో చిన్న ఎర్రచుక్క పెట్టాను. రెండ్రోజుల తర్వాత తీసేయనా అని అడిగితే, “ఉండనీలే, ఎవరి కంటికి ఆనుతుంది,” అన్నారు. కొబ్బరికాయ కూడా కొట్టమంటారేమోనని నవ్వుకున్నాను.

చలికాలం మొదట్లో మిలిటరీ వాళ్లు పరీక్ష చూడటానికి వచ్చారు. శిక్షణలో ఉన్న ఒక కుర్రసైనికుడు తెర ముందు కూర్చున్నాడు. ఆకాశంలోంచి డ్రోన్ కెమెరాతో వెల్డోరా ఫిరంగిని వెతికి పట్టుకోవాలి, అది ఉన్నచోటు చెప్పి కొట్టమనాలి. అతని పేరు నిఖిల్. తెలుగు తల్లిదండ్రులకు ఇక్కడే పుట్టినవాడు. ఫిరంగి దొరికింది. కెమెరాను దగ్గరికి లాగాడు. లాగి, ఆగిపోయాడు. పక్కనున్న అధికారి కొట్టించమని రెండోసారి చెప్పినా కొట్టమనలేదు.

“దట్స్ కుంకుమ, రైట్?” అన్నాడు చివరికి, మెల్లగా. “మై మామ్ పుట్స్ ఇట్ ఆన్ అవర్ కార్.”

గదిలో ఎవరికీ అర్థం కాలేదు, మేజర్ గారికీ నాకూ తప్ప. లేని దేశానికి ఉన్న దేశపు గుర్తులేవీ ఉండకూడదన్నది మాకు మొదటి నియమం. మేజర్ గారు లేచి నిలబడి, ఆ గుర్తు ఏమిటో, ఎందుకు పెడతారో ఇంగ్లీషులో వివరించి, తానే పెట్టించానని, తప్పు పూర్తిగా తనదేనని చెప్పారు. ఆ తర్వాత నిఖిల్ వైపు తిరిగి సారీ చెప్పారు. తనకంటే నలభై ఏళ్లు చిన్నవాడికి ఒక మేజర్ అలా చెప్పడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

బొట్టుతో పోయేదే. కానీ వచ్చినవాళ్లు ఆ సందులో ఇంకో మాటన్నారు. మనుషులు ఇంత వివరంగా ఉంటే కుర్రసైనికులు వెనకాడుతున్నారు, దెబ్బ తగలగానే మనుషులు మాయమైపోతే చాలు, ఫిరంగి ధ్వంసమైందని తెలిస్తే చాలు అని. గ్రెగ్ వెంటనే తలూపాడు.

“బొట్టు ఈరోజే తీసేస్తాను,” అన్నారు మేజర్ గారు. “మనుషుల్ని తీయను. కొట్టొద్దని నేను చెప్పడం లేదు. అవసరమైతే కొట్టాలి. నేనూ కొట్టాను. కానీ ఏం కొట్టామో ఒక్కసారైనా చూడాలి.”

ఎంత చెప్పినా ఆయన మాట మారలేదు. వారం తిరగకుండా ఆయన్ని ఆ పని నుంచి తప్పించారు. నేను వెళ్లి గ్రెగ్‌తో మాట్లాడతానంటే గట్టిగా కసిరారు. “నీ పీఆర్ రానీ ముందు. నువ్వుంటేనే గదా రేపు ఏమన్నా చేసేది.” మనుషులను మాయం చేసే పని ఇంకో టీమ్ చేసింది. నా స్నేహితురాలు ఒకామె, “కందకు లేని దురద కత్తిపీటకెందుకే? లేని దేశం, లేని మనుషులు,” అంది. నాకు కోపం వచ్చింది.

ఏడాది తర్వాత ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ముదిరింది. ఆస్పత్రికి వెళ్లాను. మనిషి సగమయ్యారు, మీసం మాత్రం అలాగే ఉంది. అలవాటుగా ఎడమవైపు కూర్చున్నాను. ఆంటీ ఇచ్చిన కమలాపండు ఒలుస్తున్నాను. ఆయన నా పీఆర్ గురించి అడగలేదు, ఆఫీసు గురించి అడగలేదు.

“వాళ్లున్నారా?” అన్నారు.

ఎవరని అడగక్కర్లేకపోయింది. అబద్ధం చెబుదామనుకున్నాను, ఆ కళ్లముందు నోరు రాలేదు. “లేరు సార్. తీసేసిన్రు.”

ఆయన చూపు కప్పువైపు తిప్పారు. “నా గుండ్లు యాడ పడినాయో, ఎవరి మింద పడినాయో, ఇన్నేండ్లూ నాకు తెలీదు పాపా. ఈ బొమ్మల్లోనన్నా చూడాలనుకున్యా,” అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆయన నన్ను తిట్టలేదు. అప్పుడే తెలిసింది ఆయన వెళ్లిపోతున్నారని.

నాకు పీఆర్ వచ్చింది. ఇప్పుడు ఆయన కూర్చున్న కుర్చీలో నేను కూర్చుంటున్నాను. పోయిన నెల వెల్డోరాకు ఇంకో ఫిరంగి కావాలన్నారు. నేను ముందు మనుషుల్ని చేశాను, వాళ్లు నిలబడ్డాక వాళ్ల చేతుల మధ్య ఫిరంగి చేశాను. మీటింగ్‌లో పాత మాటే వచ్చింది, మాయమైపోతే చాలదా అని. చాలదన్నాను. అలా కావాలంటే వేరేవాళ్లతో చేయించుకోమన్నాను. ఇంటి అప్పు, మా పాప స్కూలు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. గ్రెగ్ నావైపు చూసి, సరే, ఒక్క విడతకు అలాగే పంపి చూద్దామన్నాడు. తర్వాత విడతలో ఏమవుతుందో నాకు తెలియదు.

ఇప్పటికైతే వాళ్లున్నారు. కుర్రసైనికుడు కొట్టమన్నాక, పొగ తగ్గాక, పరుగెత్తిపోయినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి వస్తారు. పడిపోయినవాడి చంకల కింద చేతులు వేసి ఎత్తుకుంటారు. వాణ్ణి మోసుకుంటూ కొండ మలుపు దాటేదాకా తెర ఆరిపోదు.